తల తిరుగుడు వ్యాయామాలు: ఎలా చేయాలి, ఎన్నాళ్లు చేయాలి, తగ్గుతోందని ఎలా తెలుస్తుంది

"పది రోజుల నుంచీ చేస్తున్నానండీ, ఏమీ తగ్గలేదు. పైగా చేసినప్పుడల్లా ఇంకా తిరుగుతోంది. మానేయమంటారా?"

ఫిజియోథెరపిస్టుగా నాకు వచ్చే ఫోన్లలో సగం ఈ ప్రశ్నే. అడిగేవాళ్ల తప్పేమీ లేదు. జ్వరానికి మాత్ర వేసుకుంటే గంటలో దిగుతుంది. నొప్పికి ఇంజెక్షన్ పడితే సాయంత్రానికి హాయిగా ఉంటుంది. ఈ వ్యాయామాలు అలా కాదు. ముందు కాస్త తిప్పుతాయి, తర్వాతే నిలబెడతాయి. ఆ రెండింటికీ మధ్య కొన్ని వారాలు గడుస్తాయి. ఆ వారాల్లో ఏం జరుగుతుందో, ఎంతవరకు ఓర్చుకోవాలో, ఎక్కడ ఆగాలో మాత్రం చాలామందికి ఎవరూ చెప్పరు. బొమ్మలున్న కాగితం ఒకటి చేతికిచ్చి పంపేస్తారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు మీది ఏ రకమో తేల్చుకోండి

ఈ వ్యాయామాలు ముఖ్యంగా లోపలి చెవిలో బ్యాలెన్స్ చూసే భాగమో, అక్కడి నుంచి మెదడుకు వెళ్లే నరమో దెబ్బతిన్నవాళ్లకు. రిపోర్టులో వెస్టిబ్యులర్ న్యూరైటిస్ అని ఉంటుంది. డాక్టరు గారు "చెవి నరం వాచింది" అని చెప్పి ఉంటారు. రెండు మూడు రోజులు ఇల్లంతా గిరగిరా తిరిగి, వాంతులై, మంచం దిగలేక, తర్వాత తిరగడం ఆగినా తూలు మాత్రం మిగిలిపోయిందా? అయితే ఇది మీకోసమే.

లోపల జరిగింది ఇంతే. కావడికి రెండు వైపులా సమంగా ఉన్న కుండల్లో ఒకటి ఉన్నట్టుండి సగం ఖాళీ అయిందనుకోండి. మోసేవాడు ఒక్కసారి తూలతాడు. కుండ మళ్లీ నిండకపోయినా, నడుస్తూ నడుస్తూ భుజం సర్దుకుంటాడు. ఇక్కడ మోసేది మీ మెదడు. చెవి పూర్తిగా కోలుకోకపోయినా మెదడు సర్దుకుంటుంది. కానీ కావడి ఎత్తి నడిస్తేనే భుజానికి తెలుస్తుంది. పడుకుని ఉంటే తెలియదు.

పక్క మీద అటూ ఇటూ దొర్లినప్పుడు, పడుకుని లేచినప్పుడు, అటక వైపు తలెత్తినప్పుడు మాత్రమే తిరిగి, నిమిషం లోపే ఆగిపోతుంటే సంగతి వేరు. అది లోపలి చెవిలో సున్నపు రేణువులు చోటు తప్పడం వల్ల వచ్చేది. దానికి ఈఎన్‌టీ డాక్టరో, ఈ పని తెలిసిన ఫిజియోనో ఎప్లీ లాంటి పద్ధతిలో తలను వరుసగా తిప్పి ఆ రేణువుల్ని వెనక్కి పంపుతారు. చాలామందికి ఒకటి రెండు సార్లకే పోతుంది. 10 నిమిషాల్లో తీరే దానికి మూడు నెలలు గోడ ముందు నిలబడి తల ఊపినవాళ్లను చూశాను. బాధేస్తుంది. ముందు ఆ పరీక్ష చేయించుకోండి.

మైగ్రేన్ వల్ల వచ్చే తిరుగుడుకు ముందు మైగ్రేన్ అదుపులోకి రావాలి. మెనియర్స్ జబ్బులో చెవి దిబ్బడ, హోరు, గంటల తరబడి తిరుగుడు వచ్చిపోతుంటాయి. ఆ దాడుల్ని ఈ వ్యాయామాలు ఆపలేవు. దాడికీ దాడికీ మధ్య మిగిలే తూలుకు పనికొస్తాయి.

ఇవి కనిపిస్తే వ్యాయామం మాట మర్చిపోయి 108కి ఫోన్ చేయండి: తిరుగుడుతో పాటు మాట తడబడటం, మూతి వంకర పోవడం, ఒకటి రెండుగా కనిపించడం, చెయ్యో కాలో పట్టు తప్పడం, ఎన్నడూ లేనంత తలనొప్పి, పట్టుకున్నా నిలబడలేకపోవడం, స్పృహ తప్పడం, గుండెల్లో నొప్పి. ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోతే ఆ రోజే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి, వారం ఆగితే వైద్యం చేసే అదను దాటిపోవచ్చు. "పైత్యం చేసింది, నిమ్మకాయ నీళ్లు తాగితే పోతుంది" అని ఇంట్లో ఎవరన్నా వినకండి.

కావాల్సినవి

- బొమ్మలు, గళ్లు లేని గోడ. పోస్ట్‌కార్డంత అట్ట ముక్క మీద స్కెచ్‌తో "అ" అని ఒకే అక్షరం రాసి కళ్ల ఎత్తున అంటించండి.
- గది మూల ఒకటి, దాని ముందు చేతుల్లేని బరువైన కుర్చీ. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, పట్టుకుంటే మీతో పాటే పడుతుంది.
- గట్టి దిండు లేదా నాలుగు మడతలు పెట్టిన బొంత. ఇది మూడో వారం తర్వాత.
- సెకన్లు చూపే గడియారం లేదా ఫోన్.
- 40 పేజీల నోటుబుక్కు, పెన్ను. ఇది లేకుండా మొదలుపెట్టకండి.
- మొదటి రెండు వారాలు ఇంట్లో ఒక మనిషి.

మెడ ఆపరేషన్, కంటి ఆపరేషన్ ఈ మధ్యే అయి ఉంటే, మెడ ఎముకలు బాగా అరిగాయని చెప్పి ఉంటే, ముందు మీ డాక్టరు గారిని అడగండి.

ఎన్నాళ్లు పడుతుంది

అందరూ ముందు అడిగేది ఇదే కాబట్టి ముందే చెప్తున్నాను.

న్యూరైటిస్ వచ్చాక త్వరగా, అంటే వాంతులు తగ్గిన కొద్ది రోజుల్లోనే మొదలుపెట్టినవాళ్లకు 4 నుంచి 6 వారాల్లో తేడా తెలుస్తుంది. ఇంటి పనులు, ఆఫీసు పని ధైర్యంగా చేసుకునే స్థితికి చాలామంది 6 నుంచి 12 వారాల్లో వస్తారు. చటుక్కున వెనక్కి తిరిగినప్పుడు చిన్న ఊపు మాత్రం ఇంకొన్ని నెలలు ఉండొచ్చు.

నెలల తరబడి తూలుతో బతికి, ఇప్పుడు మొదలుపెడుతున్నారా? రెండు మూడు నెలలు ఖాయంగా పెట్టుకోండి. ఇన్నాళ్లూ తల కదపకుండా నడవడం మీ ఒంటికి అలవాటైపోయింది. ఆ అలవాటు వదలడానికే మొదటి నెల పోతుంది.

రెండు చెవులూ దెబ్బతింటే లెక్క వేరు. జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్ల తర్వాత కొందరికి ఇలా అవుతుంది. వీళ్లకు ఇంకా నెమ్మది, పూర్తిగా మునుపటిలా కాకపోవచ్చు కూడా. చీకట్లో, మిట్టపల్లాల్లో జాగ్రత్త ఎప్పటికీ అవసరమే. అయినా చేసినవాళ్లకూ చేయనివాళ్లకూ తేడా చాలా ఉంటుంది. దయచేసి మానకండి.

షుగర్ వల్ల అరికాళ్లు తిమ్మిరెక్కి ఉన్నవాళ్లకు, చూపు మందగించినవాళ్లకు, మైగ్రేన్ ఉన్నవాళ్లకు, పడిపోతానన్న భయం బాగా పట్టుకున్నవాళ్లకు ఆలస్యమవుతుంది. వయసు ఒక్కటే అయితే అడ్డం కాదు. 75 ఏళ్లవాళ్లు కూడా బాగవుతారు.

మెట్టు 1: మొదటి రోజు వ్యాయామం వద్దు, కొలతలు తీసుకోండి

నోటుబుక్కు మొదటి పేజీలో ఈ మూడు రాయండి.

ఒకటి, ఊరికే కూర్చున్నప్పుడు తిరుగుడు ఎంత? అసలు లేకపోతే 0, మంచం దిగలేనంత ఉంటే 10. ఈ అంకె ఇక రోజూ రాయండి.

రెండు, మూలలో కుర్చీ ముందు పెట్టుకుని రెండు పాదాలూ దగ్గరగా చేర్చి కళ్లు తెరిచి ఎన్ని సెకన్లు నిలబడగలిగారు, కళ్లు మూసి ఎన్ని సెకన్లు? 30 దాటితే చాలు, ఆపేయండి. కళ్లు మూసేటప్పుడు పక్కన మనిషి ఉండాలి.

మూడు, ఈ జబ్బు వచ్చాక మీరు మానేసిన ఐదు పనులు. "బ్యాలెన్స్ బాగుండటం" అని రాయకండి. "వంగి చీపురు పట్టడం", "బస్సులో కిటికీలోంచి చూడటం", "మెట్లు దిగుతూ మాట్లాడటం" అని రాయండి. మా అమ్మకు 61వ ఏట ఇది వచ్చినప్పుడు ఆమె చెప్పిన మొదటి పని ముగ్గు. వంగి, తల అటూ ఇటూ తిప్పుతూ, చుక్క నుంచి చుక్కకు చూపు మార్చడం ఈ జబ్బులో ఎంత కష్టమో ఆమె చెప్పేదాకా నాకే తట్టలేదు.

మెట్టు 2: చూపు నిలిపే వ్యాయామం

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఒక్కటే చేయగలిగితే ఇదే చేయండి.

కుర్చీలో కూర్చోండి. "అ" అక్షరం మీకు చెయ్యి చాపినంత దూరంలో ఉండాలి. చూపు అక్షరం మీదే ఉంచి, "కాదు, కాదు" అన్నట్టు తల అడ్డంగా తిప్పండి. కొంచెమే, ముక్కు సూటి గోడ మీద అక్షరానికి అటు జానెడు, ఇటు జానెడు దాటకుండా. తల తిరగాలి, కన్ను అక్షరాన్ని వదలకూడదు. మొదట 30 సెకన్లు చాలు. ఆగండి. తిరుగుడు సద్దుమణిగాక "అవును, అవును" అన్నట్టు పైకీ కిందికీ 30 సెకన్లు.

వేగం ఎంత? అక్షరం స్పష్టంగా కనిపిస్తూనే ఉండాలి, కాస్త అదిరినా ఫర్వాలేదు అనిపించే అంచు దగ్గర ఉండాలి. అక్షరం చెరిగిపోయి రెండుగా కనిపిస్తే వేగం ఎక్కువైంది. ఏమీ అనిపించకపోతే తక్కువైంది.

30 సెకన్లు తేలికయ్యాక నిమిషానికి, తర్వాత రెండు నిమిషాలకు పెంచండి. కూర్చుని చేసింది నిలబడి చేయండి. చెయ్యంత దూరం నుంచి ఆరడుగుల దూరానికి జరగండి. ఇవన్నీ అయ్యాక అక్షరాన్ని గళ్ల దుప్పటి మీద అంటించి చేయండి, అది బాగా కష్టం. బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాలు వాడేవాళ్లకు తల కదిపినప్పుడు అద్దంలో పవరు మారే చోటు అడ్డొస్తుంది. పాత దూరపు చూపు అద్దాలుంటే వాటితో, ఆరడుగుల దూరం నుంచి చేయండి.

రోజుకు ఎంత? అమెరికా ఫిజికల్ థెరపీ సంఘం నాడీ విభాగం 2022లో సవరించిన మార్గదర్శకాల్లో ఒకవైపు చెవి దెబ్బతిన్నవాళ్లకు ఇలా ఉంది: జబ్బు కొత్తదైతే రోజుకు కనీసం మూడు విడతల్లో మొత్తం 12 నిమిషాలు, పాతదైతే మూడు నుంచి ఐదు విడతల్లో మొత్తం 20 నిమిషాలు. మొదటి రోజే అంతా చేయమని కాదు. అక్కడికి రెండు వారాల్లో చేరుకోండి. ముఖ్యమైన మాట "విడతల్లో". పొద్దున ఒకేసారి 20 నిమిషాలు చేసి పని అయిపోయిందనుకుంటే రోజంతా తల పట్టుకుని కూర్చుంటారు.

మెట్టు 3: ఆగి చూడటం

ఓపిక అంటే నేను చెప్పేది ఈ మెట్టు గురించే. వ్యాయామం ఆపగానే గడియారం చూడండి. కుర్చీలో కదలకుండా కూర్చోండి. ఫోన్ చూడకండి, స్క్రీన్ జరపడమే మరో తిరుగుడు.

మొదలుపెట్టేముందు 2 ఉన్న తిరుగుడు వ్యాయామంలో 4కో 5కో వెళ్లి, 15 - 20 నిమిషాల్లో మళ్లీ 2కి వచ్చిందా? సరిగ్గా చేశారు. మెదడుకు కావాల్సిన మోతాదు అదే. ఆ పాటి తిరుగుడు వచ్చినందుకు భయపడి మానేయకండి, ఆ తిరుగుడే ఇక్కడ మందు.

గంట దాటినా దిగలేదా, సాయంత్రం దాకా వికారంగా ఉందా, మర్నాడు పొద్దున లేచేసరికి కూడా మిగిలిందా? మోతాదు ఎక్కువైంది. మానొద్దు, సగానికి తగ్గించండి. నిమిషం చేస్తుంటే 30 సెకన్లు, నిలబడి చేస్తుంటే కూర్చుని.

వారంగా ఏమీ తిరగడం లేదా? సంతోషం, కష్టం పెంచండి.

ఈ మెట్టులో నేనే తప్పు చేశాను. అమ్మ విషయంలో తొందరపడ్డాను. రెండో వారంలో కాస్త కోలుకోగానే రోజుకు ఆరు విడతలు చేయించాను, దిండు ఎక్కించాను, అదే రోజు సాయంత్రం రైతు బజారుకు తీసుకెళ్లాను. ఆకుకూరల వరసల మధ్య నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని "ఇంటికెళ్దామే" అంది. ఆ తర్వాత ఐదు రోజులు మంచం దిగలేదు. ఆ ఐదు రోజులకంటే, మళ్లీ అట్ట ముందు కూర్చోబెట్టడానికి పట్టిన వారమే నాకు ఎక్కువ కష్టమైంది. ఒంటికి వచ్చిన తిరుగుడు దిగుతుంది, మనసులో చొరబడిన భయం అంత తేలిగ్గా దిగదు. అందుకే మీ ఇంట్లోవాళ్లకు కూడా చెప్తున్నాను: పక్కన ఉండండి, తరమకండి.

మెట్టు 4: మూలలో నిలబడటం

గది మూలకు వీపు పెట్టి, ఒక అడుగు ముందుకు నిలబడండి. ఎదురుగా కుర్చీ. చెప్పులు, సాక్సులు వద్దు, వట్టి కాళ్లు. వెనక్కి తూలితే గోడ ఉంది, ముందుకు తూలితే కుర్చీ ఉంది. ఈ వరుసలో వెళ్లండి, ఒక్కోటి 30 సెకన్లు మూడు సార్లు నిలబడగలిగాకే తర్వాతది:

1. పాదాలు దగ్గరగా, కళ్లు తెరిచి.
2. పాదాలు దగ్గరగా, కళ్లు మూసి.
3. ఒక పాదం ముందు, దాని మడమ పక్కన రెండో పాదం వేళ్లు, కళ్లు తెరిచి.
4. ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు తగిలేలా ఒకే గీత మీద.
5. దిండు మీద పాదాలు కాస్త దూరంగా, కళ్లు తెరిచి. తర్వాత దగ్గరగా.
6. దిండు మీద కళ్లు మూసి. మనిషి పక్కన లేకుండా ఇది చేయకండి.

వేళ్ల చివర్లతో కుర్చీని తాకుతూ మొదలుపెట్టడంలో తప్పు లేదు. తర్వాత ఒక్క వేలు, తర్వాత గాలిలో చేతులు. ఈ వరుసలో నాలుగోది చాలామందికి మొండికేస్తుంది. అక్కడే రెండు వారాలు ఉండిపోయినా కంగారు పడకండి. అరికాళ్ల తిమ్మిరి ఉన్నవాళ్లు ఈ వరుసలో ఆరోది వదిలేయండి.

నిలబడటం, నడవడం కలిపి రోజుకు 20 నిమిషాలు, కనీసం 4 నుంచి 6 వారాలు చేయాలి.

మెట్టు 5: నడక

వరండా గోడ పక్కన, చెయ్యి అందేంత దూరంలో. మొదట మామూలుగా నడవండి. తర్వాత మూడు అడుగులకోసారి కుడికి చూడండి, మూడు అడుగులకోసారి ఎడమకు. తర్వాత పైకీ కిందికీ. వంకర పోతారు, పోనివ్వండి. నాలుగైదు రోజుల్లో తిన్నబడుతుంది. డాబా మీద పిట్టగోడ పక్కన మాత్రం వద్దు.

రెండు వారాలు ఇంట్లో అయ్యాక వీధిలోకి. గుంతలు, ఆవులు, బండ్లు ఉండే వీధే మీ అసలు పరీక్ష కాబట్టి, పొద్దున్నే రద్దీ లేనప్పుడు మొదలుపెట్టండి.

మెట్టు 6: రద్దీ

సూపర్ మార్కెట్ వరసలు, రైతు బజారు, పెళ్లి పందిరిలో సీరియల్ లైట్లు, ఆర్టీసీ బస్సు కిటికీ. కంటి ముందు అన్నీ కదిలే చోట్లు ఆఖర్న పెట్టుకోండి, నాలుగో వారం కంటే ముందు వద్దు. మొదటిసారి ఐదు నిమిషాలు, ఖాళీగా ఉండే సమయంలో, బండి తోసుకుంటూ. బాగోకపోతే కదలని దాన్ని ఒకదాన్ని, స్తంభమో బోర్డో, చూస్తూ నిలబడండి. తగ్గాక బయటికి రండి. తిరగ్గానే పరుగెత్తుకుంటూ బయటికొస్తే మెదడు "ఇక్కడ ప్రమాదం ఉంది" అని నేర్చుకుంటుంది.

మెట్టు 7: వారానికి ఒక్కటే మార్పు

వేగం పెంచిన వారం దిండు ఎక్కకండి. దిండు ఎక్కిన వారం బజారుకు వెళ్లకండి. రెండూ ఒకేసారి మార్చి తిరుగుడు పెరిగితే దేనివల్లో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఆదివారం నోటుబుక్కు చూసి, వచ్చే వారం మార్పు ఒకటి రాసుకోండి. ఇంత నెమ్మదిగానా అంటారు. వ్యాయామాలు వదిలేసిన నా పేషెంట్లలో ఎక్కువమంది నెమ్మదిగా వెళ్లినవాళ్లు కారు, రెండు మెట్లు ఒకేసారి ఎక్కబోయినవాళ్లే.

ఎక్కువమంది చేసే తప్పులు

*మాత్ర వేసుకుని వ్యాయామం చేయడం.* స్టెమెటిల్ పేరుతో దొరికే ప్రోక్లోర్‌పెరజిన్, సినారిజిన్ లాంటివి మొదటి రెండు మూడు రోజుల వాంతులకు, తిరుగుడుకు మంచివే. నెలల తరబడి వాడితే మెదడు సర్దుకోవడం ఆలస్యమవుతుంది. పెద్దవాళ్లలో కొందరికి చేతుల వణుకు, నడక బిగుసుకోవడం కూడా వస్తాయి. మందుల షాపులో చీటీ లేకుండా కొనుక్కుంటూ ఏడాదిగా మింగుతున్నవాళ్లు ఎంతమందో. అలాగని ఈ వ్యాసం చదివి మీకు మీరే ఆపేయకండి. "ఇంకా ఎన్నాళ్లు వాడాలి?" అని రాసిన డాక్టరు గారిని అడగండి. బీపీ, షుగర్ మాత్రల జోలికి అసలు పోకండి.

*మెడ పట్టీ.* మెడ నరాల వల్లే అని ఎవరో చెప్తే నెలలు కాలర్ వేసుకుని తిరుగుతారు. తల కదలకపోతే మెదడుకు పాఠమే అందదు.

*భుజాలతో సహా తిరగడం.* తల తిప్పమంటే నడుము నుంచి తిప్పుతారు. ఇంట్లోవాళ్లను వెనక నుంచి మీ భుజాల మీద చేతులు వేసి చూడమనండి. కదులుతున్నాయంటే మీరు వ్యాయామం చేయడం లేదు.

*కళ్లు మాత్రమే తిప్పడం.* తల నిలిపి కళ్లు అటూ ఇటూ తిప్పేది వేరే వ్యాయామం. దీనికి బదులు అది పనిచేయదు.

*ఫోన్‌లో చూసి కొత్తవి కలపడం.* రోజుకో వీడియో, రోజుకో కొత్త వ్యాయామం. పక్క మీద అటూ ఇటూ వాలే వ్యాయామాలు రేణువుల జబ్బుకు ఉద్దేశించినవి, మీకు అక్కర్లేకపోవచ్చు.

*స్నానాల గదిలో ధైర్యం.* ఇది తప్పు కంటే ప్రమాదం. తలస్నానంలో సబ్బు నురగకు కళ్లు మూస్తాం, తల వంచుతాం, కింద నేల జారుతుంది. మూడూ ఒకేసారి. మూడు నెలల పాటు స్టూల్ మీద కూర్చుని, వీపు గోడకు ఆనించి పోసుకోండి. రాత్రి లేచినప్పుడు లైటు వేసుకునే అడుగు పెట్టండి. నిచ్చెన, అటక, ఈత ఇప్పట్లో వద్దు. వెనక్కి తిరిగి చూస్తే రోడ్డు ఊగుతున్నంత కాలం బండి నడపకండి.

తగ్గుతోందని ఎలా తెలుస్తుంది

రోజుతో రోజును పోల్చకండి. సోమవారం 3, మంగళవారం 6, బుధవారం 2, ఇలాగే ఉంటుంది. నిద్ర తక్కువైనా, జలుబు చేసినా, ఉపవాసం ఉన్నా, ఇంట్లో మాట పట్టింపులొచ్చినా అంకె పెరుగుతుంది. ఏడు రోజుల అంకెలు కూడి ఏడుతో భాగించండి. ఆ వారం సగటును కిందటి వారంతో పోల్చండి.

రెండు వారాలకోసారి మూల పరీక్ష మళ్లీ చేసి సెకన్లు రాయండి. దాంతో పాటు పేపరు పరీక్ష: దినపత్రిక మొదటి పేజీ గోడకు అంటించి ఆరడుగుల దూరంలో కూర్చోండి. తల కదపకుండా ఎంత చిన్న అక్షరం చదవగలరో చూడండి. ఇప్పుడు తల అడ్డంగా, ప్రతిసారీ అదే వేగంతో తిప్పుతూ చదవండి. మొదట్లో పెద్ద హెడ్డింగు తప్ప ఏదీ నిలవదు. కొన్ని వారాలకు ఉపశీర్షిక, తర్వాత ఇంకా చిన్నది. పేజీ తీసేయకండి, ప్రతిసారీ అదే పేజీ, అదే కుర్చీ, అదే దూరం.

ఇక మీ ఐదు పనుల జాబితా. అంకెలు తగ్గకముందే పనులు తిరిగొస్తాయి చాలామందికి. అమ్మ నోటుబుక్కులో ఐదో వారం సగటు ఇంకా 4 దగ్గరే ఉంది. "ఏమీ తగ్గలేదే" అంటూనే ఆ పొద్దున గుమ్మం ముందు ఐదు చుక్కల ముగ్గు వేసింది. మధ్యలో రెండుసార్లు లేచి గుమ్మం పట్టుకుని నిలబడింది, ఒక గీత వంకర పోయింది. ఆ వంకర గీతను నేను ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకున్నాను. తొమ్మిదో వారంలో మధ్యలో లేవకుండా వేసింది.

మళ్లీ వస్తే

నెలలు బాగుండి, విషజ్వరమో, రెండు రాత్రుల బస్సు ప్రయాణమో, ఇంట్లో చావు కబురో వచ్చినప్పుడు తూలు తిరిగి కనిపిస్తుంది. మొదటి దాడిలా గిరగిరా తిరగదు, పాత తూలు మాత్రమే. మెదడు సర్దుకున్నది కాస్త సడలిందంతే, మొత్తం పోలేదు. రెండు రోజులు నిద్రపోయి, సగం మోతాదుతో రెండో మెట్టు నుంచి మొదలుపెట్టండి. మొదటిసారి ఆరు వారాలు పట్టినవాళ్లకు ఈసారి సాధారణంగా ఒకటి రెండు వారాల్లో దారికొస్తుంది. పక్క మీద దొర్లితేనే తిరుగుతుంటే మాత్రం అది రేణువుల జబ్బు కావచ్చు, చూపించుకోండి.

మమ్మల్ని ఎప్పుడు కలవాలి

మూడు వారాలు రోజూ, విడతల్లో చేసినా వారం సగటు కదలకపోతే. ఒకసారైనా కింద పడితే. చెవిలో హోరు, వినికిడి తగ్గడం కొత్తగా మొదలైతే. మూడు నెలలు దాటినా నిలబడితే ఊగుతున్నట్టు, రద్దీలో పెరుగుతున్నట్టు ఉంటే దానికి వేరే పేరు, వేరే చికిత్స ఉన్నాయి. అందులో భయానికి చేసే వైద్యం కూడా భాగమే, సైకియాట్రిస్టు దగ్గరికి పంపితే "నాకు పిచ్చా?" అని నొచ్చుకోకండి.

వచ్చేటప్పుడు వేసుకునే మాత్రల పట్టీలన్నీ ఒక కవర్లో తీసుకురండి. స్కానింగు లేకపోయినా ఫర్వాలేదు, నోటుబుక్కు మాత్రం మర్చిపోకండి. ఖాళీ వదిలిన రోజులు ఉన్నా అలాగే తీసుకురండి, ఏ రోజు ఎందుకు మానేశారో తెలిస్తేనే మోతాదు మార్చడం కుదురుతుంది.